‘మొనొగెనేస్’లో జన్యువును వెతకొద్దు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలోని ఆధ్యాత్మిక పుటలో యోహాను సువార్త 3:16 మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. తెలుగు పాఠకులకు గ్రీకు మూలాన్ని దగ్గర చెయ్యాలన్న ఉద్దేశం మంచిది, అలాంటి వ్యాసాలు ఇంకా రావాలి. అయితే అందులో మూడు మాటలకు చెప్పిన అర్థాలు నిలబడవు. ‘హూతోస్’ అంటే ‘అంతులేనంతగా’ అని, ‘అగాపె’ అంటే దేవుడికి తప్ప ఎవరికీ సాధ్యం కాని ప్రేమ అని, ‘మొనొగెనేస్’ అంటే ‘ఒకే జన్యువు గలవాడు’ అని రాశారు. ఈ మూడూ ప్రసంగ వేదికల మీదా వాట్సాప్‌లోనూ ఎప్పటినుంచో తిరుగుతున్నవే. పత్రికలో అచ్చయితే వాటికి ప్రామాణికత వచ్చేస్తుంది. అందుకే కాస్త వివరంగా రాయక తప్పడం లేదు.

ముందు వచనాన్నే తెలుగు లిపిలో చూద్దాం: ‘హూతోస్ గార్ ఏగాపేసెన్ హో థెయొస్ తొన్ కొస్మొన్, హోస్తె తొన్ హుయియొన్ తొన్ మొనొగెనే ఎదోకెన్, హిన పాస్ హో పిస్తెయువోన్ ఎయిస్ ఔతొన్ మే అపొలేతయ్ అల్ల్ ఎఖే జోయేన్ అయోనియొన్.’ దీని భావం: దేవుడు లోకాన్ని ప్రేమించాడు, తన ఏకైక కుమారుణ్ని ఇచ్చాడు, ఆయనను నమ్మే ప్రతివాడు నశించకుండా నిత్యజీవం పొందాలని. మొత్తం 25 మాటలు. చాలా రాతప్రతుల్లో ‘హుయియొన్’ తర్వాత ‘ఆయన యొక్క’ అనే మాట ఇంకొకటి ఉంటుంది. పాపిరస్ 66, పాపిరస్ 75, వాటికన్ ప్రతి, సినాయి ప్రతి మొదటి చేతిరాత మాత్రం అది లేకుండానే రాశాయి. దానివల్ల భావం మారదు కాబట్టి దాన్ని అక్కడితో వదిలేద్దాం.

మొదటి మాట హూతోస్. మనం కంఠస్థం చేసిన పాత అనువాదం ‘దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను’ అంటుంది. ఆ ‘ఎంతో’ వెనకున్నది హూతోస్. ఈ మాటకు ప్రధానార్థం ‘ఇలా’, ‘ఈ విధంగా’. దీన్ని గ్రీకు రాకపోయినా తెలుగు బైబిలుతోనే పరీక్షించుకోవచ్చు. 3:8లో ‘ఆత్మమూలముగా జన్మించిన ప్రతివాడును ఆలాగే యున్నాడు’ అన్నచోట ‘ఆలాగే’ అంటే హూతోస్. 3:14లో అరణ్యంలో మోషే సర్పాన్ని ‘ఏలాగు ఎత్తెనో, ఆలాగే’ అన్నచోటా అదే మాట. 18:22లో బంట్రౌతు యేసును కొట్టి ‘ప్రధానయాజకునికి ఈలాగు ఉత్తరమిచ్చుచున్నావా’ అని అడిగినప్పుడూ అదే. అన్నిటికంటే ముఖ్యమైనది మొదటి యోహాను పత్రిక 4:11. అక్కడ కర్త దేవుడే, క్రియ ప్రేమించడమే, దాని పక్కన ఉన్నదీ హూతోసే. అదే పాత అనువాదం ఆ వచనాన్ని ‘దేవుడు మనలను ఈలాగు ప్రేమింపగా’ అని తర్జుమా చేసింది. ఒకే అనువాదం ఒకే మాటను ఒకచోట ‘ఈలాగు’ అనీ మరోచోట ‘ఎంతో’ అనీ అన్నదన్నమాట. 3:16ను విడిగా చదివేవారికి ఈ సంగతి ఎప్పటికీ కనబడదు.

అలాగని ‘ఎంతో’ తప్పు అని కొట్టిపారేయలేం. విశేషణం పక్కన వచ్చినప్పుడు హూతోస్ పరిమాణాన్నే చెబుతుంది. గలతీయులకు 3:3లో ‘మీరింత అవివేకులైతిరా’ అన్న ‘ఇంత’ హూతోసే. పైగా హూతోస్ తర్వాత, ఫలితాన్ని చెప్పే ‘హోస్తె’ అనే మాట వస్తే ‘ఎంతగా అంటే... అంతగా’ అనే అర్థం గ్రీకులో అరుదేమీ కాదు. అయితే 3:16లో హోస్తె తర్వాత నిశ్చయార్థక క్రియ, అంటే ‘ఇచ్చాడు’ లాగా జరిగినట్టు చెప్పే రూపం, వచ్చింది. ఇలా ప్రధాన వాక్యానికి లోబడిన ఉపవాక్యంలో హోస్తె నిశ్చయార్థకంతో రావడం కొత్త నిబంధనలో ఇక్కడా, గలతీయులకు 2:13లోనూ మాత్రమే కనిపిస్తుంది. తక్కిన చోట్ల సాధారణంగా ‘ఇవ్వడానికి’ లాంటి తుమున్నర్థక రూపం వస్తుంది. నిశ్చయార్థకం రావడం వల్ల ‘ఇచ్చాడు’ అన్నది జరగగల ఫలితంగా మిగలకుండా, జరిగిపోయిన పనిగా గట్టిగా వినిపిస్తుంది. మన పాత అనువాదంలోని ‘కాగా’ ఈ హోస్తెకు బదులుగా వచ్చిందే.

నా తీర్పు ఇది. ఈ వచనంలో విధానమే ముందు, పరిమాణం దాని వెనక వస్తుంది. 3:14 చెప్పిన ‘ఎత్తబడడం’ ఎలాంటిదో 3:16 విప్పి చెబుతోంది. మధ్యనున్న ‘గార్’ అంటే ‘ఎందుకంటే’ అనే ముడి. ఆ ముడిని తెంచి వచనాన్ని గోడకు తగిలించే ఫలకంగా మార్చినప్పుడు హూతోస్ ఒట్టి ‘చాలా’గా మిగిలిపోతుంది. నిజానికి ఈ విషయంలో తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. ‘పిల్లాడు అలా ఏడుస్తున్నాడేం’ అన్నప్పుడు మన ‘అలా’లో తీరూ ఉంటుంది, తీవ్రతా ఉంటుంది. హూతోస్ కూడా దాదాపు అలాంటిదే. ‘దేవుడు లోకాన్ని ప్రేమించిన తీరు ఇది: తన ఏకైక కుమారుణ్ని ఇచ్చాడు’ అంటే రెండూ దక్కుతాయి. వ్యాసంలో చెప్పిన ‘అంతులేనంతగా’ మాత్రం ఆ మాటలో లేదు. దేవుని ప్రేమకు అంతులేదనే నమ్మకం సరైనదే, అయితే దాన్ని చూపడానికి వేరే వచనాలున్నాయి.

ఇక మొనొగెనేస్. ‘మోనో అంటే ఒకటి, జీన్ అంటే జన్యువు, కాబట్టి తండ్రి జన్యువే కుమారుడిలో ఉంది’ అనే వివరణ వినడానికి ఇంపుగా ఉంటుంది. జన్యువుకు ‘జీన్’ అనే పేరు పెట్టింది 1909లో, డెన్మార్క్ శాస్త్రవేత్త విల్హెల్మ్ యోహాన్సెన్. మొదటి శతాబ్దపు రచయిత మాటలోకి ఆ అర్థాన్ని దూర్చడం కాలాన్ని తలకిందులు చెయ్యడమే. మొనొగెనేస్‌లో ఉన్నవి ‘మొనొస్’ అంటే ఒక్కటి, ‘గెనొస్’ అంటే జాతి, వంశం, రకం. పుట్టించడం అనే అర్థం గల ‘గెన్నావో’ క్రియలో ‘గె’ తర్వాత న అక్షరం రెండుసార్లు వస్తుంది, మొనొగెనేస్‌లో ‘గె’ తర్వాత ఒక్కసారే. ఈ రెండు మాటలకూ ప్రాచీన ధాతువు ఒకటే కాబట్టి జన్మ వాసన ఇందులో అసలే లేదని అనలేం. ‘జనితైక’, అంటే ఒక్కడే పుట్టినవాడు, అనే అర్థాన్ని సమర్థించే పండితులు ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఈ తగువును వ్యుత్పత్తితో తేల్చడం కుదరదు.

వ్యుత్పత్తిని ఎంతవరకు నమ్మాలో మన ‘నూనె’ అన్న మాటే చెబుతుంది. అది నువ్వుల నెయ్యి నుంచి వచ్చింది. అంతమాత్రాన వేరుశనగ నూనె సీసాలో ఎవరూ నువ్వులు వెతకరు. ‘గవాక్షం’ అంటే ఆవు కన్ను అని విడదీయవచ్చు కానీ ఇల్లు కట్టేవాడికి అది కిటికీ. గ్రీకు మాటల పట్ల మాత్రం ఈ మెలకువ ఎందుకో మరచిపోతాం.

వాడుక చూద్దాం. మొనొగెనేస్ కొత్త నిబంధనలో మొత్తం 9 చోట్ల వస్తుంది. అరగంట చాలు, అన్నీ తిరగేయవచ్చు. లూకా 7:12లో నాయీను విధవరాలి కొడుకు, ‘అతని తల్లికి అతడొక్కడే కుమారుడు’. లూకా 8:42లో యాయీరుకు ‘యొక్కతే కుమార్తె’, పండ్రెండేళ్ల పిల్ల. లూకా 9:38లో దయ్యం పట్టిన కుర్రాడి తండ్రి ‘వాడు నాకొక్కడే కుమారుడు’ అని వేడుకుంటాడు. తర్వాత యోహాను 1:14, 1:18, 3:16, 3:18, మొదటి యోహాను 4:9. ఈ అయిదు చోట్లా మన అనువాదం ‘అద్వితీయ’ అనే మాటను వాడింది. మిగిలింది హెబ్రీయులకు 11:17, అసలు పరీక్ష అక్కడే ఉంది. అక్కడ అబ్రాహాము ‘తన యేకకుమారుని’ అర్పించాడని, అంటే ఇస్సాకు మొనొగెనేస్ అని రాసి ఉంది. అబ్రాహాముకు 86 ఏళ్లప్పుడు ఇష్మాయేలు పుట్టాడు, 100 ఏళ్లప్పుడు ఇస్సాకు పుట్టాడు. పద్నాలుగేళ్ల పెద్దవాడైన అన్న ఉండగా తమ్ముణ్ని ‘ఒక్కడే పుట్టినవాడు’ అని ఎలా అంటారు? వాగ్దానానికి వారసుడిగా ఇస్సాకుకు సాటి మరొకడు లేడు. ‘సాటిలేనివాడు, ఆ కోవలో అతనొక్కడే’ అనే అర్థం తీసుకుంటే తప్ప ఆ వచనం కుదరదు.

కొత్త నిబంధన బయట కూడా ఇదే కనిపిస్తుంది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో 22వ కీర్తన 20వ వచనంలో కీర్తనకారుడు తన ప్రాణాన్నే ‘నా మొనొగెనే’ అన్నాడు. ఉన్నది ఒక్కటే ప్రాణం కదా. మొదటి శతాబ్దం చివర్లో రోము నుంచి కొరింథుకు క్లెమెంతు పేరిట వెళ్లిన లేఖ 25వ అధ్యాయంలో ఫీనిక్స్ పక్షిని మొనొగెనేస్ అంటుంది. అలాంటి పక్షి అదొక్కటే అని ఆ మాటకు అర్థం.

ఇంకొక గట్టి ఆధారం యోహాను మూడో అధ్యాయంలోనే ఉంది. యేసు నీకొదేముతో మాట్లాడిన 3:3 నుంచి 3:8 వరకు ‘పుట్టడం’ అనే అర్థంలో గెన్నావో క్రియ 8 సార్లు వస్తుంది. మరి ఎనిమిది వచనాల తర్వాత కుమారుడి ‘పుట్టుక’ను నొక్కి చెప్పాలనుకుంటే ఆ క్రియ యోహాను చేతిలోనే ఉంది. ఆయన దాన్ని వాడలేదు.

‘జనిత’ అన్న అర్థం ఎలా స్థిరపడిందో కూడా చెప్పాలి. జెరోము లాటిన్ బైబిలు లూకాలోని మూడు చోట్లా ‘ఉనికుస్’, అంటే ఒక్కడే, అని ఉంచి, యోహానులోనూ హెబ్రీయుల పత్రికలోనూ ‘ఉనిగెనితుస్’, అంటే ఒక్కడే పుట్టినవాడు, అంటుంది. ఇంగ్లీషులో అనువాదకుడు టిండేల్ 1526లో ‘ఒక్కడే కుమారుడు’ అనే రాస్తే, 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదం లాటిన్ బాటలో నడిచింది. మన పాత అనువాదం 3:16లో ‘అద్వితీయకుమారునిగా పుట్టిన వానియందు’ అంటుంది. ‘అద్వితీయ’, అంటే రెండోవాడు లేని, అన్నది గ్రీకుకు ఎంతో దగ్గరగా ఉన్న మంచి మాట. పక్కనే ఉన్న ‘పుట్టిన’ మాత్రం గ్రీకులో వేరే మాటగా లేదు. రెండు వచనాల తర్వాత 3:18లో అదే అనువాదం ‘పుట్టిన’ లేకుండా ‘దేవుని అద్వితీయకుమారుని’ అనే ఉంచింది.

ఈ మాట చెబితే ‘కుమారుడు నిత్యంగా తండ్రివలన జనించాడన్న సిద్ధాంతాన్ని కాదంటున్నారా’ అని కొందరు బాధపడతారు. ఆ భయం అక్కర్లేదు. 325లో క్రైస్తవ సంఘ పెద్దల నికయ సభ రాసిన విశ్వాస ప్రమాణంలో ‘గెన్నేథెంత’, అంటే జనించిన, అనే మాట వేరుగా ఉంది, మొనొగెనే దాని పక్కన వేరుగా ఉంది. ఆ సిద్ధాంతాన్ని మోసేందుకు గెన్నేథెంత ఉంది కాబట్టి మొనొగెనేస్ మీద ఆ బరువంతా పెట్టనక్కర్లేదు.

మూడోది అగాపె. వచనంలో ఉన్నది నామవాచకం కాదు, ‘అగపావో’ క్రియ భూతకాల రూపం ‘ఏగాపేసెన్’. ‘అగాపె దేవుడి ప్రేమ, ఫిలియా స్నేహితుల ప్రేమ’ అనే పట్టిక చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. 3:16 నుంచి మూడు వచనాలు కిందికి దిగితే ఆ పట్టిక చెదిరిపోతుంది. 3:19లో ‘మనుష్యులు చీకటినే ప్రేమించిరి’ అన్నచోట కూడా క్రియ అగపావోనే. 12:43లో మనుషుల మెప్పును ‘అపేక్షించిరి’ అని మన అనువాదం రాసింది, గ్రీకులో అదీ అగపావోనే. రెండో తిమోతి 4:10లో దేమా ‘యిహలోకమును స్నేహించి’ పౌలును వదిలి వెళ్లాడు. అది స్నేహం కదా, ఫిలియాకు క్రియ అయిన ‘ఫిలెయో’ ఉంటుందనుకుంటాం. అక్కడా అగపావోనే ఉంది. తామారును చెరిచిన అమ్నోను మోహానికి కూడా రెండో సమూయేలు 13:15 గ్రీకు అనువాదం అగాపె అనే నామవాచకాన్నీ అగపావో క్రియనూ కలిపి వాడింది. అటువైపు చూస్తే, తండ్రి కుమారుణ్ని ప్రేమిస్తున్నాడని 3:35లో అగపావోతో చెప్పిన యోహానే, 5:20లో అదే సంగతిని ఫిలెయోతో చెప్పాడు. యేసు ప్రేమించిన శిష్యుడి గురించి 13:23లో అగపావో, 20:2లో ఫిలెయో.

యోహాను సువార్తలో అగపావో 37 సార్లు, ఫిలెయో 13 సార్లు వస్తాయి. అన్నిటినీ ఒక కాగితం మీద రాసుకుని కర్త ఎవరు, కర్మ ఏది అని రెండు నిలువు గడులు గీస్తే, పట్టికకు ఎదురు తిరిగే వచనాలు వాటంతట అవే బయటపడతాయి. 3:16లోని ప్రేమ గొప్పదని చెప్పేది ఆ క్రియ కాదు. ప్రేమించినవాడు దేవుడు, ప్రేమకు గురైనది ‘కొస్మొస్’. యోహాను రచనలో కొస్మొస్ అంటే తరచుగా దేవుణ్ని ఎరగని, ఆయన కుమారుణ్ని ద్వేషించే లోకం. దేవుడు ప్రేమించినది అలాంటి లోకాన్ని, ఇచ్చినది ఒక్కగానొక్క కుమారుణ్ని. బరువంతా ఆ కర్త, కర్మల్లో ఉంది. గ్రీకు వాక్యక్రమం కూడా ‘ఎదోకెన్’ కంటే ముందు ‘కుమారుణ్ని, ఆ ఏకైకుణ్ని’ అని తెచ్చి పెడుతుంది.

భూతకాల రూపం గురించి కూడా ఒక మాట. ఆ రూపం పేరు అయోరిస్టు. ‘అయోరిస్టు కాబట్టి ఒక్కసారే, ఒక్క క్షణంలో జరిగింది’ అని వ్యాసం చెప్పింది. 2:20లో దేవాలయాన్ని ‘నలువది యారు సంవత్సరములు’ కట్టారని చెప్పే క్రియ కూడా అయోరిస్టే. 46 ఏళ్ల పనిని ఒక్క క్షణం అని ఎవరూ అనరు. అయోరిస్టు పనిని మొత్తంగా చూపిస్తుంది, ఎంతసేపు పట్టిందో చెప్పదు. ‘పిస్తెయువోన్’ వర్తమాన రూపం కాబట్టి ‘ఆగకుండా నమ్ముతూనే ఉండేవాడు’ అని లాగడం కూడా ఇలాంటిదే. ‘పాస్ హో పిస్తెయువోన్’ అంటే మన ‘నమ్మే ప్రతివాడు’. తెలుగులోని ఈ ‘నమ్మే’ అనే రూపం గ్రీకు కట్టుబాటుకు చక్కగా అతుకుతుంది. ఇక్కడ తెలుగు పాఠకుడు ఇంగ్లీషు మీదుగా తిరిగి రావలసిన పనే లేదు.

‘నశింపక’ అన్న మాట వెనకున్న ‘అపొల్లుమి’ క్రియ కూడా చూడదగ్గది. 6:12లో అయిదు రొట్టెలు పంచాక ‘ఏమియు నష్టపడకుండ’ ముక్కలు పోగుచెయ్యమన్నప్పుడు అదే క్రియ. లూకా 15లో తప్పిపోయిన గొర్రెకూ, తప్పిపోయిన కుమారుడికీ అదే. అయితే ఇక్కడ ఒక పొరపాటు సులువుగా జరుగుతుంది. ‘నశించడం, నష్టపోవడం, తప్పిపోవడం, చంపడం’ అని నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ కలిపి 3:16లో పోసెయ్యడం. ఒక్కో వాక్యంలో ఒక మాటకు సాధారణంగా ఒక అర్థమే పనిచేస్తుంది. ఇక్కడ ఎదురుగా ‘నిత్యజీవము’ ఉంది కాబట్టి నాశనం అనే అర్థమే సరిపోతుంది. గొర్రెను తెచ్చి ఈ వచనంలో పెట్టకూడదు.

ఇలాంటి పొరపాట్లు ఎక్కువగా స్ట్రాంగ్స్ కాంకర్డెన్స్‌ను నిఘంటువులా వాడడం వల్ల వస్తాయి. 1890లో వచ్చిన ఆ పదానుక్రమణిక కింగ్ జేమ్స్ బైబిలు మాటల వెనకున్న మూలభాష మాటలకు అంకెలు కట్టింది. హూతోస్ 3779, అగపావో 25, మొనొగెనేస్ 3439, గెన్నావో 1080. ఆ అంకె మనకు మాట ప్రాథమిక రూపాన్ని చూపిస్తుంది, వచనంలో ఉన్న రూపాన్ని చూపించదు. దాని చివర కనిపించే నాలుగైదు ఇంగ్లీషు మాటలు ఆ అనువాదం ఎక్కడెక్కడ ఏం వాడిందో చెప్పే జాబితా. అందులో మనకు నచ్చినదాన్ని ఏరుకోవడం పదాధ్యయనం అవ్వదు. అంకె పట్టుకుని ముందు ఆ మాట అదే రచయిత ఎక్కడెక్కడ వాడాడో చూడాలి. తర్వాత తక్కిన కొత్త నిబంధన, ఆ తర్వాత పాత నిబంధన గ్రీకు అనువాదం. నిఘంటువు తెరవడం చివర్లో. మొనొగెనేస్ లాంటి 9 వచనాల మాటతో మొదలుపెడితే పద్ధతి చేతికి వస్తుంది. కొస్మొస్ యోహానులోనే 78 సార్లు వస్తుంది, దాన్ని కొత్తవారు తర్వాతకు ఉంచుకోవడం మేలు. చివరికి తేలిన అర్థం ఏ ప్రామాణిక అనువాదంలోనూ కనబడకపోతే, మన కాగితాన్నే మళ్లీ చూసుకోవాలి.

మీకు ఒక విన్నపం. ఇకమీద గ్రీకు మాట అచ్చు వేసేటప్పుడు దాని ప్రాథమిక రూపంతో పాటు, అదే మాట వచ్చిన మరో రెండు వచనాల అంకెలు కూడా రచయిత చేత ఇప్పించండి. చదివేవారు తమ ఇంట్లోని బైబిలు తీసి అప్పటికప్పుడే పోల్చుకుంటారు. ఈ వ్యాసానికి సవరణ వేస్తే జన్యువు మాట దగ్గర హెబ్రీయులకు 11:17, అగాపె దగ్గర యోహాను 3:19, హూతోస్ దగ్గర మొదటి యోహాను 4:11 చేర్చమని కోరుతున్నాను.

ఇట్లు,
కొత్త నిబంధన గ్రీకు బోధకుడు,
గుంటూరు